సస్పెన్షన్‌లో పెట్టి రాజీనామా రాయమంటున్నారు, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్తే. పటాన్‌చెరు దగ్గర ఓ మందుల ఫ్యాక్టరీలో పర్మినెంట్ ఆపరేటర్‌ని. మొదట లేటుకి మెమో, తర్వాత షోకాజ్ నోటీసు, ఇప్పుడు ఛార్జిషీటిచ్చి సస్పెండ్ చేశారు. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని తిట్టానట! ఆ రోజు నాది నైట్ షిఫ్ట్, ఆయనది పగటిపూట జనరల్ షిఫ్ట్. పంచింగ్ రికార్డు అడిగితే ఇవ్వట్లేదు.

సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మనవల్ల కాకపోతే ఆపైన 75 శాతం ఇవ్వాలి కదా. నాకు పైసా రాలేదు. హెచ్‌ఆర్ సారేమో "రాజీనామా రాసెయ్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటున్నాడు.

వచ్చే వారం ఎంక్వైరీ. తోటి కార్మికుణ్ణి వెంట తీసుకెళ్లనిస్తారా? ఇంగ్లీషు వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే తెలుగులో కావాలని పట్టుబట్టొచ్చా? ఈ సస్పెన్షన్ కాలపు సగం జీతం కోసం ఇప్పుడే లేబర్ ఆఫీసుకి వెళ్లాలా, ఎంక్వైరీ అయ్యాకనా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి.