గుల్టీ కంటే ముందు మనకు ఇంకో పేరుండేది

గూడూరు నుంచి ఒక తండ్రి అడిగారు:

"అన్నా, మావాడు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్లో వాణ్ణి పేరుతో పిలవరంట, 'గుల్టీ' అంటారంట. పండక్కి ఇంటికొచ్చి ముఖం మాడ్చుకొని చెప్పాడు. ఇది తిట్టా, ఎగతాళా? ఎట్టా పుట్టింది?"

తమ్ముడూ, దాని పుట్టుక పెద్ద కథేం కాదు. తెలుగు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి వెనకనుంచి చదివితే దానికి దగ్గరగా వస్తుంది. కాలేజీ హాస్టళ్ళలో మొదలైందని చెప్పుకుంటారు. తిట్టా కాదా అన్నది అనేవాడి గొంతులో ఉంటుంది. "రారా గుల్టీ, ఆవకాయ తెచ్చావా" అనేవాడు వేరు, గొడవలో ఆ మాట విసిరేవాడు వేరు. ఆ తేడా మీవాడికే తెలుస్తుంది.

పరాయివాళ్ళు మనకు పెట్టిన పేర్లలో నాకు ఇంతకంటే రుచిగా అనిపించేది 'జెంటూ'. తాతల కాలం నాటిది.

పోర్చుగీసువాళ్ళు ఇక్కడ దిగినప్పుడు కనబడిన జనాన్ని రెండే కుప్పలు పోశారు. ముస్లిములు 'మోరో'లు, మిగతావాళ్ళు 'జెంతియో'లు. జెంతియో అంటే తమ మతం కానివాడు, విగ్రహాలకు మొక్కేవాడు అని. కాబట్టి పుట్టినప్పుడు అది చిన్నచూపు మాటే. ఇంగ్లిష్‌వాళ్ళ నోట్లో అదే జెంటూ అయింది. బెంగాల్లో పాత అర్థమే నిలిచింది. 1776లో హాల్‌హెడ్ అనే ఇంగ్లిష్ పండితుడు తెచ్చిన 'జెంటూ చట్టాల' పుస్తకం హిందూ ధర్మశాస్త్రం గురించి. తెలుగుకూ దానికీ సంబంధం లేదు.

మద్రాసులో మాత్రం ఆ మాట దారి మళ్ళింది. అక్కడ జెంటూ అంటే తెలుగువాడు, జెంటూ అంటే తెలుగు భాష. మరి అరవానికి? 'మలబారు' అని పేరు! పడమటి తీరంలో విన్న మాటను తెచ్చి తూర్పు తీరంలో అతికించారు. పక్కపక్కన బతికే రెండు భాషలకూ తప్పు పేర్లే, ఆ తప్పులతోనే ఏళ్ళ తరబడి పని జరిగిపోయింది.

తెలుగువాళ్ళకే ఆ పేరు ఎందుకు అంటుకుంది? పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి దక్షిణాదిలో విజయనగరం పెత్తనం నడుస్తోంది కాబట్టి అని 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతుంది. నాకు సబబుగానే ఉంది. దానికి నేను ఇంకోటి కలుపుతాను. మద్రాసుకు ముందు ఈస్టిండియా కంపెనీవాళ్ళు కోట కట్టుకొని కూర్చున్నది ఎక్కడ? మన వాకాడు దగ్గరి దుగరాజపట్నంలో. వాళ్ళ కాగితాల్లో ఆర్మగాం. 1620లలో అక్కడ బట్టల బేరం చేశారు. 1639లో మద్రాసు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే ఆ కొట్టు మీద అధికారిగా ఉన్నవాడే. స్థలం ఇచ్చిన దామెర్ల నాయకులూ తెలుగువాళ్ళే. బేరానికి కూర్చున్న ప్రతిచోటా ఎదురుగా తెలుగువాడే ఉంటే ఆ పేరు వాడికి అంటుకోక ఏం చేస్తుంది!

1816లో క్యాంప్‌బెల్ దొర రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. ముఖపత్రం మీద 'తెలూగూ భాష' అని వేసి, కింద 'మామూలుగా జెంటూ అనబడేది' అన్నారు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ రాసిన ప్రసిద్ధమైన వ్యాసం వచ్చింది ఆ పుస్తకంలోనే. మరుసటేడు విలియం బ్రౌన్ (మన సి.పి. బ్రౌన్ కాదు) వ్యాకరణం వచ్చింది. దాని ముఖపత్రం మీద ఇది 'మద్రాసుకు ఉత్తరాన, వాయవ్యాన ఉండే జెంటూ జనం' మాట్లాడే భాష అని ఉంటుంది. ఫోన్లో ఆ పేజీ పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాను. మద్రాసుకు ఉత్తరాన మొదట తగిలేది ఎవరబ్బా? తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, మీ గూడూరు!

మతం తిట్టుగా పుట్టిన మాట చివరికి వ్యాకరణం అట్ట మీద భాష పేరై కూర్చుంది. ఆ తర్వాత తెలుగు అన్న మాటే ముందుకొచ్చింది. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు నాటికి అది తెలుగు నిఘంటువే.

మనమూ తక్కువ తినలేదు. పోర్చుగీసు అన్న మాటను నోట్లో వేసుకొని నమిలి 'బుడతకీచు' చేశాం. బుడత, పైన కీచు. వినేవాడికి మీసాల సముద్రపు దొర కాదు, జ్వరమొచ్చిన పసిపిల్లాడు కనిపిస్తాడు. హాలండువాళ్ళు ఒలాందులు, ఫ్రెంచివాళ్ళు పరాసులు. ఇవి వెక్కిరింతకు పెట్టినవి కావు, నాలుక తిరిగినట్టు తిరిగినవి. అయినా బుడతకీచు అన్నప్పుడల్లా నాకు నవ్వాగదు.

ఒంగోలు నుంచి ఒకరు కింద రాశారు: "వాళ్ళు గుల్టీ అంటే రోషం, మనం అరవోళ్ళు అంటే మాత్రం మామూలా?"

బాగా పట్టుకున్నారు. అరువ అన్నది తమిళ నాడుల్లో, అంటే అక్కడి ప్రాంతాల్లో, ఒకదాని పాత పేరు. పాతకాలపు గ్రీకు భూగోళ పండితుడు టాలమీ చెప్పిన 'అరువర్నోయి' వీళ్ళేనని అంటారు. ఒక నాడు పేరును మొత్తం జాతికి పెట్టేశాం. మొదట్లో అందులో తప్పేం లేదు, ఉత్తరాన ఉన్నామని వాళ్ళు మనల్ని వడుగర్ అన్నట్టే. తర్వాత 'అరవచాకిరీ' లాంటివి చేరి మాట కాస్త చెడింది. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ అరవం అంటే భాష పేరే, అందులో ఇంకే ఉద్దేశమూ లేదు. అవతలివాడికి ఎట్టా వినబడుతుందో అన్నది వేరే సంగతి. చెన్నైలో ఉన్నప్పుడు నేను తమిళం అనే అంటాను.

మూడు రోజుల తర్వాత గూడూరు తమ్ముడు మళ్ళీ రాశాడు:

"అన్నా, మీరు రాసింది మావాడికి పంపాను. రూములో అందరికీ చదివి వినిపించాడంట, నేను గుల్టీని కాదు జెంటూని అని. ఒకడు వెంటనే ఫోన్లో వెతికాడు. ఎర్ర ముక్కు, తలమీద తెల్లపట్టీ ఉన్న పెంగ్విన్ బొమ్మ వచ్చిందంట. దాని పేరు కూడా జెంటూనేనంట. ఇప్పుడు హాస్టలంతా వాణ్ణి పెంగ్విన్ అంటోంది."