కందిపప్పు ఎక్కువ మొత్తంలో కొంటే పురుగు పట్టకుండా ఎలా?

నమస్కారం అండీ. మాది హైదరాబాద్, ఇంట్లో నలుగురం. పోయిన ఆగస్టు 15 ఆఫర్లలో చవగ్గా వస్తోంది కదా అని కందిపప్పు 10 కిలోలు తెచ్చి పడేశాను. దసరా దాటాక డబ్బా మూత తీస్తే పైనంతా సన్నటి పిండి. చేటలో పోస్తే పురుగులు బిలబిలా పాకాయి. సగం పారబోశాం, ఇక మిగిలిందేముంది చెప్పండి!

ఈసారి సంక్రాంతి దాటి కొత్త కంది వచ్చాకే కొందామనుకుంటున్నా. చింతపండుతో బాధ లేదు, గింజ తీసి ఉప్పు వేసి జాడీలో కుక్కితే ఏడాది ఉంటుంది. పప్పు సంగతే తేలడం లేదు. ఎండబెట్టి ఆముదం పట్టించమంటారు మా అత్తయ్య. కిలోకి ఎంత ఆముదం? వండేటప్పుడు వాసన రాదా? ఎండుమిర్చి, వేపాకు వేస్తే సరిపోతుందా? మీరైతే ఎన్ని నెలలకు సరిపడా కొంటారు?