అప్‌డేట్: పొద్దున్నే మొరాయించే పాత కారు, దొరికిన దొంగలు ఇద్దరు

ముందు అడిగింది క్లుప్తంగా: 2004 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజెక్షన్ బండి. చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు సెల్ఫులు కొడితేగానీ అందుకోదు. అందుకున్నాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 500కీ 1,100 ఆర్‌పీఎంకీ మధ్య ఊగుతుంది. కొత్త ప్లగ్గులు వేసినా మార్పు లేదు.

అప్పుడు వచ్చిన "ఫ్యూయల్ పంపు చూడండి" అన్న సలహాతోనే మొదలుపెట్టాను. తాళం మూడుసార్లు ఆన్ చేసి, ప్రతిసారీ రెండు సెకన్లు పంపు మోగనిచ్చి సెల్ఫ్ కొట్టినా అదే తంతు. దాంతో అనుమానం అటునుంచి తప్పింది.

అసలు దొంగ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, అంటే ఇంజిన్ నీళ్ల వేడిని కొలిచేది; వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. రాత్రంతా ఆగిన ఇంజిన్, బయట 25 డిగ్రీలు. కనెక్టర్ తీసి మల్టీమీటర్ పెడితే 2 కిలో ఓమ్స్ దరిదాపుల్లో రావాలి. వచ్చింది 0.8. ఇంజిన్ వేడిగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోలు తగ్గించేస్తోంది, చల్లటి ఇంజిన్‌కి అది చాలదు. ఈ బండిలో డ్యాష్‌బోర్డ్ టెంపరేచర్ ముల్లుకి వేరే సెన్సర్, అందుకే అది బుద్ధిగా సరిగ్గానే చూపించింది. చెక్ ఇంజిన్ లైటూ వెలగలేదు: లెక్క తప్పిందే గానీ సర్క్యూట్ తెగలేదు కదా.

సెన్సర్ మార్చాక ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది. ఊగడం మాత్రం పోలేదు. రెండో దొంగ పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది): దాని కింది వంపులో, వేలితో నొక్కితేనే నోరు తెరిచే పగులు, అందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతోంది. అక్కడ కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టగానే ఆర్‌పీఎం మారింది (వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటే, జాగ్రత్త). గొట్టం మార్చి, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగం) మసి తుడిచాక 850 దగ్గర నిలబడింది. ఏసీ వేస్తే ఇంకా చిన్న అదురు ఉంది. తర్వాత చూడాల్సింది ఇంజిన్ మౌంటింగులు.