2009 సెడాన్, తక్కువ తిరిగిన బండి: ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి?

నెమ్మదిప్రయాణం
బాబాయి వాడిన మిడ్ సైజ్ సెడాన్ ఇప్పుడు నా చేతికొచ్చింది. పెట్రోల్, ఆటోమేటిక్, 2009 మోడల్. మీటర్ మీద 68,000 కిలోమీటర్లే. సర్వీస్ పుస్తకంలో మొదట్లో అన్నీ వరసగా రాసి ఉన్నాయి, చివరి ఆరేడేళ్లవి మాత్రం ఏమీ లేవు. బండి బాగానే నడుస్తోంది. ఒక్కటే, సిగ్నల్ దగ్గర గేరు డి లో ఉంచి బ్రేక్ తొక్కి ఆగితే స్టీరింగూ సీటూ వణుకుతున్నాయి. "తక్కువ తిరిగిన బండిరా, ఆయిల్ మార్చి నడుపుకో" అంటాడు బాబాయి. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

పాతబండి
కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. ఇంజిన్ లోపలి ఇనుముకి కిలోమీటర్లు లెక్క. రబ్బరుకీ, ప్లాస్టిక్‌కీ, పోసిన ఆయిళ్లకీ ఏళ్లే లెక్క. బండి కదలకపోయినా హోస్‌లు గట్టిపడతాయి, సీళ్లు ఎండుతాయి.

పైగా తక్కువ తిరిగిందంటే చాలాసార్లు దగ్గర దూరాలకే తిరిగిందని అర్థం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తుంటే ఆయిల్లో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. మడ్డి పేరుకుంటుంది. ఆయిల్ పోసే మూత తీసి టార్చి కొట్టి చూడండి. లోపల నల్లటి జిగురు కనిపిస్తే ఒకసారి ఆయిల్ మార్చి ఊరుకోకుండా, తక్కువ గ్యాప్‌లో ఇంకో రెండుసార్లు ఫిల్టర్‌తో సహా మార్చండి. ఒకేసారి కడిగేస్తామని ఘాటైన ఫ్లష్ మందులు మాత్రం పోయించకండి. ఊడిన మడ్డి వెళ్లి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజినే పోతుంది.

ఆ తర్వాత తేల్చాల్సింది ఇంజిన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ తాళం తప్పకుండా నడిపేది టైమింగ్ చైనా, బెల్టా అని. బండి పేరు ఒకటే అయినా ఇంజిన్‌ని బట్టి మారుతుంది. 2003 మోడల్ హోండా అకార్డ్‌లో 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి చైన్, ఆరు సిలిండర్ల వి6కి బెల్ట్. టయోటా కామ్రీలో పాత 2.2 లీటర్ ఇంజిన్‌కి బెల్ట్, 2002 మోడల్ నుంచి వచ్చిన 2.4కి చైన్. బెల్ట్ అయితే ఎప్పుడు మార్చాలో మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాసి ఉంటాయి. ఏది ముందు వస్తే అదే లెక్క. మీ దాంట్లో బెల్ట్ ఉండి, ఇంతవరకూ మార్చకపోతే, మిగతావన్నీ ఆపి ముందు అది చేయించండి. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. అప్పుడు ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దింపాల్సిందే.

వెనకసీటు
వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే అయితే పంపు కూడా అప్పుడే మార్పించండి. రెండోసారి అంతా విప్పే లేబర్ మిగులుతుంది.

స్పానర్ 12
షెడ్డులో రోజూ చేసే పనే కాబట్టి వణుకు సంగతి నేను చెబుతా. బ్రేక్ మీద కాలుంచే గేరు ఎన్ (న్యూట్రల్) లోకి మార్చి చూడండి. వణుకు పోతే మొదటి అనుమానం ఇంజిన్ మౌంటింగుల మీదే, అంటే ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల మీద. డి లో ఆగినప్పుడు ఇంజిన్ మీద లోడు ఉంటుంది. రబ్బరు చితికినా, లోపల ద్రవం ఉండే రకం మౌంటింగ్ లీకైనా ఆ అదురు నేరుగా బాడీకి ఎక్కుతుంది. చవక మౌంటింగులు వేస్తే ఇంకా ఎక్కువ వణికిన బళ్లు చూశాను. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

ఎన్ లోనూ వణికితే కథ వేరు. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, థ్రాటిల్ బాడీలో మసి, వాక్యూమ్ పైపు లీకు, వరసగా చూసుకుంటూ రావాలి. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా స్కానర్ పెట్టించండి, బండి కంప్యూటర్‌లో పెండింగ్ లోపాల కోడ్‌లు దొరకొచ్చు. పి0300 అంటే మిస్‌ఫైర్, సిలిండర్లలో పెట్రోల్ సరిగా మండకపోవడం. పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. కోడ్ చదవగానే పార్టు మార్చమనే వాళ్లతో జాగ్రత్త. పి0420 రాగానే పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ పోయిందంటారు. ఎగ్జాస్ట్ పైపు లీకైనా, ఆక్సిజన్ సెన్సర్ పాడైనా అదే కోడ్ రావచ్చు.

న్యూట్రల్
అన్నీ చేయించండి కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జోలికి వెళ్లకండి. ఇన్నేళ్ల తర్వాత మారిస్తే గేర్లు జారతాయి. మా ఆఫీసులో ఒకాయన బండికి అలాగే అయింది.

పాతబండి
న్యూట్రల్ గారూ, ఆయన ఎందుకు మార్పించారో అడిగారా? చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికే బాక్స్ అరిగిపోయి ఉంటుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. గేర్లు సాఫీగా పడుతున్న బండికి మార్చడంలో తప్పు లేదు. కాకపోతే మెషిన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడం నాకు ఇష్టం లేదు. కింద బోల్ట్ విప్పి కారినంత కారనిచ్చి, అంతే కొలిచి పోయాలి. సగమో అంతకన్నా తక్కువో వస్తుంది, మిగతాది ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ అలాగే చేస్తే చాలు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి. సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్ రకం) అయితే మామూలు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అస్సలు పోయకూడదు.

న్యూట్రల్
నేనైతే ఇప్పటికీ ముట్టుకోను. మీ ఇష్టం.

గుంతలరోడ్డు
కదలడం గురించే అందరూ రాస్తున్నారు, ఆగడం ఎవరికీ పట్టలేదు! బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే హద్దు కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టిన దానికి 155 ఉంటే చాలని ప్రమాణం. తేడా చూడండి. కొండ దిగుతూ బ్రేకులు ఆపకుండా తొక్కినప్పుడు లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ అది. మీ దాంట్లో ఎన్నేళ్లదో ఎవరికి తెలుసు.

టైర్లకు గాట్లు లోతుగా ఉన్నాయని నమ్మకండి. పక్కగోడ మీద డాట్ అని ఉన్న వరస చివర నాలుగు అంకెలు చూడండి. 2314 అంటే 2014లో 23వ వారం తయారీ. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయడమే. డిక్కీలో స్టెప్నీని కూడా చూడండి.

ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ను రంగు చూసి కలపకండి, రంగును బట్టి రకం తెలియదు. ఏది పోశారో తెలియకపోతే మొత్తం తీసి మాన్యువల్‌లో చెప్పిన రకమే నింపించండి.

లెక్కలమనిషి
ఇవన్నీ చేయించే ముందు బండిని లిఫ్ట్ మీదికి ఎత్తి కింద చూశారా? మౌంటింగులు, బెల్టులు, ఆయిళ్లు మార్చుకోవచ్చు. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే కింది చట్రం), సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు తినేస్తే మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టకుండా వదిలించుకోండి. బ్రేక్ పైపుల మీద తుప్పునూ వేలితో తడిమి చూడమనండి.

ఇంకొకటి, దీనికి డబ్బు అక్కర్లేదు. కంపెనీ సైట్‌లో 17 అక్షరాల ఛాసిస్ నంబర్ కొట్టి రీకాల్ (లోపమున్న పార్టును కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) పెండింగ్ ఉందేమో చూడండి. మీ బండి కాలంలో చాలా కంపెనీలు తకాటా ఎయిర్‌బ్యాగులు వాడాయి. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే వాటిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లోని అమ్మోనియం నైట్రేట్ దెబ్బతిని, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి జనం చనిపోయారు. చేతులు మారిన పాత బళ్లకి ఉత్తరాలు పాత చిరునామాకే వెళ్తుంటాయి.

నెమ్మదిప్రయాణం
అందరికీ థాంక్స్. ఎన్ లో పెడితే వణుకు దాదాపు పోతోంది. ఇంజిన్‌కి చైనే ఉంది, అదొక ఊరట. టైర్లు మాత్రం 2011వి! ఛాసిస్ నంబర్ కొడితే ఎయిర్‌బ్యాగ్ రీకాల్ చూపించింది, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. బాబాయికి చెబితే "నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ముందు టైర్లు, బ్రేక్ ఆయిల్, తర్వాత మౌంటింగులు అనుకుంటున్నా.

ఇప్పుడు ఇంకొకటి బయటపడింది. డ్రైవర్ పక్క సీటు ముందు కార్పెట్ కింద తడిగా ఉంది. వాన లేదు.

స్పానర్ 12
వేలితో ముట్టుకుని చూడండి. జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డ్ లోపల వేడి గాలి కోసం ఉండే చిన్న రేడియేటర్) లీకవుతోంది. అద్దాల లోపల జిడ్డు పొర కూడా కడుతుంది. అలాగైతే కూలెంట్ లెవెల్ చూడకుండా బయటికి తీయకండి. మామూలు నీళ్లే అయితే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడిపోయినట్టు. ఏసీ వేసి కొంతసేపు నిలబెట్టి బండి కింద నీళ్లు కారుతున్నాయా చూడండి. కారకపోతే అదే. గొట్టంలో కింది నుంచి గాలి కొడితే పోతుంది, మెల్లగా కొట్టమనండి. కార్పెట్ మాత్రం ఎత్తి బాగా ఆరనివ్వండి. కొన్ని బళ్లకి దాని కిందే వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి.