లీజు ఇంకా 81 ఏళ్ళు ఉంది. ఇప్పుడే పొడిగించుకోవాలా?

అంబాజీపేట మాస్టారు:

మా అబ్బాయి ఇంగ్లండులో, క్రాయ్‌డన్‌లో రెండు పడకగదుల ఫ్లాటు కొని పధ్నాలుగు నెలలయింది. కొన్నాడనే మేమంతా అనుకున్నాం. ఊళ్ళో నలుగురికీ పూతరేకులు కూడా పంచాం. మొన్న ఫోనులో మెల్లగా చెబుతున్నాడు: "నాన్నా, నేల మనది కాదు, 125 ఏళ్ళ లీజు. 1982 జూన్‌లో మొదలైంది. 81 ఏళ్ళ చిల్లర మిగిలింది. పొడిగించుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. మా తోటలో కొబ్బరి చెట్లకే అంత ఆయుష్షు ఉండదు, వీడికి ఇప్పటి నుంచే బెంగ ఎందుకని.

సంగతి ఏమిటంటే, స్థలం యజమాని కంపెనీ ఒక ఉత్తరం రాసింది. 5,500 పౌండ్లు కడితే లీజును 99 ఏళ్ళు చేస్తారట. ఏటా కట్టే 200 పౌండ్ల నేల అద్దె పాత గడువు తీరేదాకా అలాగే ఉంటుందట. 28 రోజుల్లో జవాబు చెప్పాలట. మావాడి లాయరు మాత్రం అది వద్దు, చట్టం ప్రకారం వెళ్ళండి, 8,000 దాకా అవుతుంది అంటున్నాడు. పైగా లాయరు ఖర్చులు వేరు. చవక బేరం వదిలి ఖరీదైన దానికి వెళ్ళమనే లాయరును నేను ఎక్కడా చూడలేదు. ఇంకో స్నేహితుడేమో కొత్త చట్టం వచ్చింది, ఆగితే 990 ఏళ్ళు ఇస్తారని చెప్పాడట. కొబ్బరి డబ్బు కొంత నేను పంపాలి కాబట్టి అడుగుతున్నాను. తొందర నిజంగా ఉందా?

మండపేట టు మాంచెస్టర్:

మాస్టారూ, తొందర ఉంది. మీ లెక్కలో 81 అంటే చాలా ఎక్కువ, అక్కడి లెక్కలో అది గట్టు అంచు. గడువు 80 ఏళ్ళ కంటే తగ్గితే 'మ్యారేజ్ వాల్యూ' అని ఒకటి వచ్చి పడుతుంది. పెళ్ళికీ దానికీ సంబంధం లేదు. లీజు పొడిగించడం వల్ల ఫ్లాటు విలువ పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలలో సగం యజమానికి ఇవ్వాలి. 80 దాటి ఒక్క రోజు ఎక్కువ ఉన్నా ఇది సున్నా. మీవాడికి ఆ గీత 2027 జూన్‌లో వస్తుంది. పొడిగింపు కోరుతూ చట్టప్రకారం యజమానికి నోటీసు ఇచ్చిన తేదీనే లెక్కకు తీసుకుంటారు. ఆ తరువాత బేరం ఏడాది సాగినా నష్టం లేదు.

నేను 77 ఏళ్ళు మిగిలి ఉండగా మేల్కొన్నాను. మూడేళ్ళ నిద్రకు నాకు పడిన ఖర్చు మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూ ఉంటుంది.

1993 చట్టం ప్రకారం వెళితే మిగిలిన గడువు మీద 90 ఏళ్ళు కలుస్తాయి. అంటే 171. నేల అద్దె 'పెప్పర్‌కార్న్', అక్షరాలా ఒక మిరియం గింజ, అంటే ఏమీ లేదు. కంపెనీ ఇస్తానన్నది 99, అందులో కొత్తగా వచ్చేవి 18 ఏళ్ళే. 990 ఏళ్ళ మాట నిజమే, 2024 మేలో చట్టం అయింది, మ్యారేజ్ వాల్యూ తీసేయడం కూడా అందులో ఉంది. కానీ ఆ భాగాలు ఇంకా అమల్లోకి రాలేదు. అమలైన ఒక భాగం మీవాడికి పనికొస్తుంది: ఫ్లాటు కొని రెండేళ్ళు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31 నుంచి లేదు.

ఆకివీడు గట్టు:

నాకు ఇంగ్లండు తెలియదు గానీ చెరువుల లీజు తెలుసు. మా దగ్గర మూడేళ్ళకు రాసుకుంటాం. చెరువు ఖాళీగా ఉన్నప్పుడు కొత్త లీజు మాట్లాడిన వాడు బతుకుతాడు. సరుకు నీళ్ళలో ఉండి, పట్టుబడికి రెండు నెలలు ఉండగా మాట్లాడిన వాడికి ఎకరానికి ఓనరు ఎంత చెబితే అంత. ఓనరు తనంతట తాను ఉత్తరం రాశాడంటేనే నాకు అనుమానం. ఆయనకు లాభం లేకపోతే తపాలా ఖర్చు ఎందుకు పెట్టుకుంటాడు?

నరసాపురం దస్తావేజు:

ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాశాను. మన దగ్గర లీజులో పొడిగింపు షరతు రాసి ఉంటే తప్ప, గడువు తీరాక ఖాళీ చేయాల్సిందే. యజమాని ఇష్టపడకపోయినా పొడిగించుకునే హక్కు అక్కడ ఉందంటే ఆశ్చర్యంగా ఉంది. యజమాని నోటీసు తీసుకుని మౌనంగా కూర్చుంటే ఏం చేస్తారు? ఆ 28 రోజులు చట్టం పెట్టినవేనా?

మండపేట టు మాంచెస్టర్:

కావండీ, అవి కంపెనీ సొంత గడువు. చట్టప్రకారం నోటీసు ఇస్తే ఎదురు నోటీసుకు యజమానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. అప్పటికీ పలకకపోతే కోర్టుకు వెళ్ళి మన నోటీసులో ఉన్న షరతులే నెగ్గించుకోవచ్చు. ధర కుదరకపోతే ట్రిబ్యునల్ ఉంది. ఎదురు నోటీసు వచ్చాక రెండు నెలలు ఆగి, ఆరు నెలలు దాటకుండా అక్కడికి వెళ్ళాలి. ఆ తేదీ మరిచిపోతే నోటీసు పోతుంది, ఏడాది దాకా మళ్ళీ ఇవ్వడానికి వీలు లేదు. అందుకే లాయరు, వాల్యుయరు (ఫ్లాటుకు విలువ కట్టేవాడు) ఇద్దరూ ఈ పని రోజూ చేసేవారై ఉండాలి. యజమాని తరఫు లాయరు, వాల్యుయరు ఖర్చు కూడా న్యాయమైనంత వరకు మనదే. ఇక్కడ నాకూ ఒళ్ళు మండుతుంది.

మా వాల్యుయరు ఇరవై నిమిషాలు తిరిగాడు. లేజరు మీటరుతో హాలు కొలిచి, వంటగది దగ్గర ఆగి "ఇది మీరు మార్పించారా?" అని అడిగాడు. మన డబ్బుతో చేయించినవి విలువలో కలపకూడదట. రసీదులు ఉంచమనండి.

అంబాజీపేట మాస్టారు:

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఎవరో చెప్పారని సంతకం పెట్టించలేను. వాల్యుయరు వాడిన వడ్డీ రేట్లు అబ్బాయిని అడిగి తెప్పించుకుని, కొబ్బరి దింపుల లెక్క రాసుకునే పుస్తకం వెనుక అట్ట మీద చేశాను.

ఫ్లాటు విలువ 2,60,000. ఇది యజమాని చేతికి 81 ఏళ్ళ తరువాత వస్తుంది. 5 శాతం చక్రవడ్డీతో వెనక్కి లాగితే ఈనాటి విలువ సుమారు 5,000. ఈ 5 శాతం 2006లో ఒక ట్రిబ్యునల్ తీర్పులో స్థిరపడిందట. ఇక ఏటా వచ్చే 200 అద్దె వదులుకుంటున్నందుకు, 7 శాతం మీద, 2,850 దాకా. రెండూ కలిపితే 7,850. లాయరు చెప్పిన 8,000 ఇదే.

కంపెనీ చవక బేరంలో 5,500 కట్టాక కూడా ఆ 200 మన నెత్తినే ఉంటుంది. దాని ఈనాటి విలువ 2,850 కలిపితే 8,350! పైగా ఇంకో 18 ఏళ్ళకు మళ్ళీ 81 దగ్గరే నిలబడతాం. లాయరుగారి గురించి పైన రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆకివీడు గట్టు గారూ, మీ అనుమానం ముందు నా చక్రవడ్డీ ఆలస్యంగా వచ్చింది.

అబ్బాయి మంగళవారం లాయరును కలుస్తున్నాడు. నోటీసులో ఏ అంకె వేశారో, ఎదురు నోటీసులో ఏ అంకె వచ్చిందో ఇక్కడే రాస్తాను.