మాంట్రియల్‌లో 4 నెలలకు గది: ఇక్కడి నుంచే ఖాయం చేసుకోవాలా?

హైదరాబాద్ నుంచి ఒక్క సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి కెనడాలోని మాంట్రియల్ వెళ్తున్నాను. ఆగస్టు 26న దిగుతాను, డిసెంబర్ 20తో పరీక్షలు అయిపోతాయి. చదువు 6 నెలల లోపే కాబట్టి స్టడీ పర్మిట్ లేకుండా విజిటర్ వీసా తీసుకున్నాను, అది వచ్చేసింది. టెన్షన్ అంతా గది గురించే.

క్యాంపస్ హాస్టల్‌కి మేలోనే అప్లై చేశాను. ఏడాదంతా ఉండేవాళ్లకే ముందు ఇస్తారట, నన్ను వెయిటింగ్ లిస్టులో పెట్టారు. బయట గదుల కోసం నెల రోజుల్లో 23 మందికి మెసేజ్ పెడితే ఆరుగురే పలికారు. నలుగురు ఏడాది లీజు అన్నారు. అక్కడ చాలా లీజులు జులై 1న మొదలై ఏడాది నడుస్తాయి కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను. మిగతా ఇద్దరు సబ్‌లెట్‌కి (తాము అద్దెకు తీసుకున్న గదిని కొన్ని నెలలకు మళ్లీ అద్దెకివ్వడం) సరేనన్నారు కానీ, ఒకాయన వీడియో కాల్‌లో గది చూపించమంటే రోజుకో సాకు చెబుతున్నాడు. రెండో ఆవిడ గది చూపించారు, అద్దె 780 డాలర్లు, బాగానే ఉంది. కాకపోతే మొదటి నెల అద్దెతో పాటు ఇంకో 780 డిపాజిట్ ఇప్పుడే పంపమంటున్నారు. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో మొదటి నెల అద్దె తప్ప డిపాజిట్ అడగకూడదని చదివాను. అడిగితే "అందరూ ఇస్తారు" అన్నారు.

నా బడ్జెట్ అన్నీ కలిపి నెలకు 900 డాలర్లు. మెట్రోకి దగ్గరైతే చాలు, వంటగది కలిసి వాడుకోవడానికి ఇబ్బంది లేదు.

అక్కడ ఒక్క సెమిస్టర్ ఉండి వచ్చినవాళ్లు చెప్పండి: వారం పది రోజులు ట్రావెలర్స్ హాస్టల్‌లో దిగి, స్వయంగా తిరిగి చూస్తే ఆగస్టు చివర్లో ఈ బడ్జెట్‌లో 4 నెలల సబ్‌లెట్ దొరుకుతుందా?