చలికి పొద్దున్నే కారు స్టార్ట్ అవట్లేదు, స్టార్టర్ మోటరేనా?

బీరంగూడ నాన్న:
మూడు రోజులుగా ఒకటే టెన్షన్. నాది 2019 పెట్రోల్ కారు, మాన్యువల్. పార్కింగ్ ఆరుబయటే. పొద్దున పాపను స్కూల్లో దింపుదామని తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఇంజన్ మాత్రం తిరగట్లేదు. ముందువైపు నుంచి టకటకటకమని చప్పుడు, దాంతోపాటే లైట్లు మినుకుమినుకుమంటాయి. పాపను ఆటోలో పంపాల్సి వచ్చింది. పదకొండింటికి ఎండెక్కాక తిప్పితే ఒక్కసారికే అందుకుంది! మెకానిక్ ఫోన్లో వినే, ఇంజన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటర్ పోయింది, మార్చాలన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా మోటరేనా?

ఉప్పల్ డీజిల్:
అప్పుడే మోటర్ జోలికి పోకండి అన్నా. చప్పుడు వింటే సగం సంగతి తెలిసిపోతుంది. వరసగా టకటకమంటూ లైట్లు తగ్గుతుంటే మోటర్‌కి కరెంటు చాలట్లేదని అర్థం. బ్యాటరీ అయినా కావాలి, దానికి వైర్లు బిగించే టెర్మినల్స్ అయినా కావాలి. లైట్లు తగ్గకుండా ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే అప్పుడు స్టార్టర్‌ను అనుమానించాలి. ఇంజన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే పెట్రోల్, స్పార్క్ చూడాలి. మీది మొదటి రకం. బ్యాటరీ ఎప్పటిది?

బీరంగూడ నాన్న:
కారుతో వచ్చిందే, మార్చలేదు. కానీ నవంబరు దాకా ఒక్కరోజు కూడా సతాయించలేదండి. మన హైదరాబాద్ చలి ఎంతని? దీనికే బ్యాటరీ పోతుందా?

బ్యాటరీ షాపు, మల్కాజిగిరి:
మీ బ్యాటరీని దెబ్బతీసింది డిసెంబరు కాదండి, అంతకుముందు వచ్చిన మే నెలలు. బయట 40 డిగ్రీలుంటే బానెట్ కింద ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. ఆ వేడికి లోపల నీరు తగ్గుతుంది, ప్లేట్లు దెబ్బతింటాయి. అయినా ఎండాకాలంలో బయటపడదు. ఇంజన్ ఆయిల్ పలుచగా ఉంటుంది కాబట్టి నీరసించిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. పటాన్‌చెరు, బీరంగూడ వైపు పది డిగ్రీల దగ్గరికి దిగిన పొద్దున మాత్రం యాసిడ్ పని నెమ్మదిస్తుంది, ఆయిల్ చిక్కబడుతుంది, మోటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఎండెక్కాక మీ బండి అందుకోవడానికి కారణం కూడా ఇదే. మా షాపుకి డిసెంబరు, జనవరిలో ఇలాంటివే వస్తాయి.

అనుమానంతో డబ్బు పెట్టకండి, కొలిచి చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో వోల్టులు, కరెంటు కొలిచే మామూలు మల్టీమీటర్ దొరుకుతుంది. రాత్రంతా నిలిపిన కారుకి పొద్దున తాళం పెట్టకముందే కొలవండి. 12.6 వోల్టులుంటే ఫుల్, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అయితే పావు వంతే. తర్వాత ఇంట్లో ఒకరిని తాళం తిప్పమని, మీరు మీటర్ మీదే కన్నుంచండి. ఫుల్ ఛార్జ్ చేసిన బ్యాటరీ కూడా ఆ క్షణంలో 9.6 కిందికి పడితే దాన్ని నమ్మొద్దు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంతకంటే తక్కువుంటే, నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. అది చూడకుండా బ్యాటరీ మార్చితే కొత్తదీ డౌన్ అవుతుంది.

కొత్తపేట పద్మ:
కొలిచేముందు టెర్మినల్స్ ఒకసారి చూడండి ప్లీజ్. నాకు ఇలాగే అయితే కొత్త బ్యాటరీ వేయించాను, రెండు వారాలకే మళ్లీ అదే టకటక. చివరికి చూస్తే నెగటివ్ క్లాంప్ లోపలి వైపు ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి గట్టిగా పేరుకుంది. పై నుంచి చూస్తే శుభ్రంగానే కనిపించింది! చేత్తో పట్టుకుని తిప్పితే క్లాంప్ కదిలింది కూడా. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నురగొచ్చి అంతా పోయింది. ఆరాక బిగించి పైన వాజిలీన్ రాశాను. ఆ తర్వాత ఇబ్బంది లేదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. తిరగేస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, జాగ్రత్త.

ఉప్పల్ డీజిల్:
డీజిల్ బండ్లవాళ్లు చదువుతుంటే ఒక మాట. చుట్టలా ఉండే హీటర్ గుర్తు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయండి. చాలామంది ఆగరు.

అల్వాల్ అన్న:
స్కూల్ ఎంత దూరం? రెండు కిలోమీటర్లే అయితే, స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన ఛార్జ్ పూర్తిగా తిరిగి ఎక్కేలోపే బండి ఆపేస్తారు. రోజూ ఇదే అయితే బ్యాటరీ ఆకలితోనే ఉంటుంది. డ్యాష్‌క్యామ్ ఉందా? నాది బండి ఆపాక కూడా రాత్రంతా రికార్డు చేస్తూనే ఉండేది.

ఇంకోటి, రేపు మళ్లీ ఆగిపోయి ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేయాల్సి వస్తే జంపర్ కేబుల్ వరస మరవొద్దు. ఎరుపు ముందు మీ పాజిటివ్‌కి, తర్వాత అవతలి బండి పాజిటివ్‌కి. నలుపు అవతలి బండి నెగటివ్‌కి, రెండో కొస మీ ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి. మీ బ్యాటరీ నెగటివ్‌కి పెట్టకండి, దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది, అక్కడ రవ్వ పడకూడదు. మీది మాన్యువల్ కాబట్టి ఇద్దరు తోస్తే సెకండ్ గేర్‌లో అందుకోవచ్చు. ఆటోమేటిక్‌కి ఆ ప్రయత్నం వద్దు.

బీరంగూడ నాన్న:
అందరికీ థాంక్స్. మొన్న పొద్దున కొలిచాను, 12.1. మా ఆవిడ తాళం తిప్పగానే 8.4కి పడిపోయింది. టెర్మినల్స్ రుద్ది, షాపులో రాత్రంతా ఛార్జ్ పెట్టించినా స్టార్ట్ చేసేటప్పుడు 9 దాటలేదు. పాతది ఇచ్చి కొత్తది తీసుకున్నాను, పాతదానికి కొంత తగ్గించారు. ఇంజన్ నడుస్తుంటే 14.2, ఆల్టర్నేటర్ బాగుంది. స్టార్టర్ మోటర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ పొద్దున అద్దాల మీద మంచు తడి అలాగే ఉంది. తాళం తిప్పాను, పాప సీట్ బెల్టు పెట్టుకునేలోపే ఇంజన్ అందుకుంది. అల్వాల్ అన్నా, డ్యాష్‌క్యామ్ ఉంది, స్కూల్ మూడు కిలోమీటర్లే. ఆదివారం ఆ వైరు తీసి, బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎంత లాగుతోందో మిల్లీయాంప్స్‌లో కొలుస్తాను. ఎంతలోపు ఉండాలి?

బ్యాటరీ షాపు, మల్కాజిగిరి:
50 లోపు ఉంటే చాలు. లాక్ చేసి అరగంట ఆగాక చూడండి, వెంటనే చూస్తే ఎక్కువే కనిపిస్తుంది. మీటర్ నెగటివ్ వైరుకి మధ్యలో పెట్టి ఉన్నప్పుడు మాత్రం స్టార్ట్ చేయకండి, మీటర్ ఫ్యూజ్ పోతుంది.